ఉలవల మీద నేర్చుకున్న మలుపు

నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాదు. అన్నం తింటూ మూడుసార్లు లేచేదాన్ని. సినిమాకు పోతే ఇంటర్వెల్‌కే బయటికి వచ్చేసేదాన్ని. చివరికి ఏమయిందో ఇప్పటికీ తెలియని సినిమాలు నాకు చాలా ఉన్నాయి. "కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాంటావు, నిన్ను యా ఇంట్లో కట్టేసేదో" అని మా అమ్మ రోజుకొకసారైనా అనేది. చిక్కబళ్ళాపురంలో బీకాం ముగించి బాగేపల్లికి తిరిగొచ్చాక ఆ జబ్బు ఇంకా ముదిరింది. బస్టాండు వెనక మా నాయనకు మండీ ఉండేది. చుట్టుపక్కల పల్లెల రైతులు వేరుశనగ, ఉలవలు, కందులు తెచ్చి కాటా మీద పెట్టేవాళ్ళు. నాయన వాటిని కొని చింతామణికి పంపేవాడు. ఏదో ఒక ఉద్యోగం దొరికేదాకా మండీలో కూర్చోమన్నారు నన్ను. ఆ కూర్చోవడమే నాకు రాని పని.

నన్ను గట్టెక్కించినవి నాయన కళ్ళు. ఇట్లా అనడం తప్పే గానీ నిజం అదే. ఒక కంట్లో నరం దెబ్బతిందనీ, ఇక బండి నడపొద్దనీ డాక్టరు చెప్పేశాడు. పెట్టుకున్న డ్రైవరు ఒకరోజు వస్తే రెండు రోజులు వచ్చేవాడు కాదు. తెల్ల మారుతి ఎయిట్ హండ్రెడ్ వాకిట్లో ఊరికే పడి ఉండేది. "నేను నడుపుతా నాయనా" అన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. మరుసటి రోజు పొద్దున్నే తాళాలు నా చేతిలో పెట్టి పక్క సీట్లో కూర్చున్నాడు.

ఆయన పాఠాలన్నీ నిదానం గురించే. క్లచ్చు నిదానంగా వదలాలి, బ్రేకు నిదానంగా తొక్కాలి, ప్రతి మలుపులోనూ హారను కొట్టాలి. ఒక పాఠం మాత్రం ఏ డ్రైవింగు స్కూల్లోనూ చెప్పరు. పంటలు కోతకొచ్చాయంటే మా పక్క పల్లె రోడ్లన్నీ కల్లాలే. రాగి వెన్నులు, కాయలతోనే పీకిన ఉలవ కట్టె తెచ్చి తారు మీద మందంగా పరుస్తారు, అంచుల్లో రాళ్ళు పెడతారు. బస్సో లారీయో పైన పోయేకొద్దీ గింజ రాలుతుంది. పక్కనుంచి తప్పించుకుని పోయే బండిని తిడతారు, పైన పోయే బండికి దండం పెడతారు. "పంట మీద తిన్నగా పోవల్ల. బ్రేకు తొక్కద్దు, స్టీరింగు తిప్పద్దు. ఎద్దులతో కల్లం తొక్కించినట్ల పోవల్ల" అనేవాడు నాయన. నేను తల ఊపేదాన్ని. తల ఊపడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఆరు నెలలకు నాకు కారు కూడా విసుగేసింది. బాగేపల్లి నుంచి చింతామణికి, చింతామణి నుంచి బాగేపల్లికి, అదే దారి, అదే నలభై స్పీడు, అదే నాయన. ఎక్కడికో పోవాలని ఉండేది, ఎక్కడికో తెలిసేది కాదు.

అట్లాంటి రోజుల్లో ఒక ఆదివారం కంటి డాక్టరు దగ్గరికి చిక్కబళ్ళాపురం పోయి తిరిగి వస్తున్నాం. దేవనహళ్ళిలో ఏర్‌పోర్టు వస్తుందన్న మాటతో అప్పట్లో చిక్కబళ్ళాపురం చుట్టూ పొలాలన్నీ లేఔట్లు అయిపోయాయి. కంకర పరిచిన దారులు, హద్దురాళ్ళు, ముందర ఒక కమాను. ఇళ్ళు మాత్రం ఒక్కటీ లేవు. అట్లాంటి ఒక లేఔట్లో ఎర్రదుమ్ము లేస్తోంది, ఇంజన్ల అరుపు వినిపిస్తోంది. నేను బండి పక్కకు తీసి ఆపేశాను.

లోపల కంకర మీద నారింజ రంగు కోన్లు నిలబెట్టి దారి గీసినట్టు పెట్టారు. వాటి మధ్య ఒక్కొక్క కారే వదులుతున్నారు. నేను చూస్తుండగా ఒక పాత నీలం కారు చివరి కోను దగ్గరికి వేగంగా వచ్చింది. ఇక పోయి రాళ్ళను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. దాని వెనక భాగం పక్కకు జారి, చీపురు తిప్పినట్టు తిరిగి, మూతి సరిగ్గా తర్వాతి దారికి వచ్చి నిలిచింది. వెంటనే దూసుకుపోయింది. ఇన్నాళ్ళూ నాకు కావలసింది ఇదేనని తెలిసిపోయింది. అంత గట్టిగా దేన్నీ కోరుకున్నట్టు నాకు గుర్తులేదు.

మెడలో విజిల్, చేతిలో టైము చూసే గడియారం పట్టుకున్న తెల్లమీసాల మనిషి ఒకాయన అంతా నడిపిస్తున్నాడు. కన్నడంలో అడిగితే నా యాస పట్టి తెలుగులోకి దిగాడు. ఆయనది కోలారు పక్క.

"దీన్ని ఆటోక్రాస్ అంటారమ్మా. ఇంకో కారుతో పోటీ లేదు, గడియారంతోనే పోటీ. కోను పడితే సెకండ్లు కలుపుతాం. దారి తప్పితే ఆ తిరుగు లెక్కకు రాదు. నీ కారే తెచ్చుకో, హెల్మెట్టు, లైసెన్సు ఉంటే చాలు. ఆడోళ్ళకి వేరే వరస ఉండాది. ఐదు వారాలకు ఈడనే ఇంగోటి పెడతాండాము. వస్తావా?"

"వస్తాను."

కారులో నుంచి నాయన అరిచాడు. "యాడికి వస్తావు?"

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు నాయనే దిగొచ్చాడు. వద్దంటే చెప్పకుండా పోతానని ఆయనకు తెలుసు. "ఆదివారం ఆదివారం కారు తీసుకుపో. ఎట్ల పోయిందో అట్ల ఇంటికి రావల్ల, అంతే" అన్నాడు.

మిగతా ఆరు రోజులు ఎట్లా గడిపానో మండీకి వచ్చిన రైతులనడగాలి. నేల మీద వేరుశనగ కాయలు కోన్లలా నిలబెట్టి, వాటి మధ్య అగ్గిపెట్టె తోసేదాన్ని. బల్ల కింద కాళ్ళు క్లచ్చు తొక్కుతూనే ఉండేవి. ఎవరైనా నన్ను పిలిస్తే మూడోసారికి గానీ పలికేదాన్ని కాదు. "పాపకు గాలి సోకినట్లుండాది అప్పా, తాయెత్తు కట్టియ్యండి" అని ఒక పెద్దాయన నాయనకు సలహా ఇచ్చాడు.

మొదటి ఆదివారం ఒక బీడు పొలంలోకి దించి, మెత్తటి మట్టిలో ఇరుక్కుని, ట్రాక్టరుతో లాగించుకున్నాను. ఆ కోపంతోనే ఇంటికి పోకుండా పాతపాళ్య దారి పట్టాను. ఊరి దారి చీలే మలుపులో రోడ్డు కొంచెం వెడల్పు. అక్కడ ఉలవ కట్టె పరిచి ఉంది. దాని మీద పోతుండగా మేక ఒకటి అడ్డమొచ్చింది. నాయన పాఠం మరిచి బ్రేకు తొక్కాను. కారు వెనక భాగం పక్కకు పోయింది. స్టీరింగు అటే తిప్పాను, సర్దుకుంది. మేక తన దారిన పోయింది. నేను మాత్రం బండి ఆపి అట్లాగే కూర్చుండిపోయాను. ఆ నీలం కారు చేసింది ఇదే కదా అనుకున్నాను.

పంట తాలూకు అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. తిడుతుందనుకున్నాను. "ఇంగొక్క తిరుగు తొక్కించు పాపా, పుణ్యముంటాది. పొద్దున్నుంచి రెండు బస్సులే వచ్చినాయి" అంది. ఒక్కతే మనిషి. ఎకరం చిల్లర చేను. కట్టెను కొంచెం కొంచెంగా తెచ్చి పరుచుకుంటోంది. "ఈ కట్టెలో నుంచే విత్తనానికి పెట్టుకునేది. మా అమ్మ కాలం నుంచీ ఇదే నల్లులవ, మా చేన్లో తప్ప ఇంగ యాడా లేదు. అమ్మేది తర్వాత, విత్తనం ముందర" అంది. నేను ఆ రోజు పది తిరుగులు తిరిగాను, నిదానంగా, ఆమె చెప్పినట్టే. తిరిగిన ప్రతిసారీ ఆమె కర్రతో కట్టె తిరగేసింది. పోయేటప్పుడు గుప్పెడు ఉలవలు కొంగులో నుంచి తీసి ఇచ్చింది.

ఆమెకు నూర్పిడి, నాకు ప్రాక్టీసు. ఇంత మంచి బేరం ఇంకెక్కడ దొరుకుతుంది అనుకున్నాను. విత్తనం అని ఆమె నోటితోనే చెప్పింది. నేను చెవులతోనే విన్నాను. ఆ మాట నాలోపలికి పోలేదు, అదే నా తప్పు.

రెండో ఆదివారం ఆమె నా ముఖం చూసి అడిగింది. "నువ్వు బాగేపల్లి మండీ అప్ప కూతురివి కాదా?"

"అవునవ్వా."

"అట్లనా" అంది. ఆ తర్వాత నన్ను పాపా అనలేదు, అమ్మా అనడం మొదలుపెట్టింది. నేను చెప్పకముందే మలుపులో రాళ్ళు తీసి పక్కన పెట్టింది. నాకది మర్యాదగా తోచింది, కొంచెం గర్వం కూడా కలిగింది.

మూడో ఆదివారం జారడం మొదలుపెట్టాను. రెండో గేరులో వచ్చి, మలుపు మొదట్లో యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, స్టీరింగు తిప్పి, హ్యాండ్ బ్రేకు చిన్నగా లాగి వదలాలి. మొదట కారు తిన్నగా పోయేది. తర్వాత ఎక్కువ తిరిగి వచ్చిన దారికే మూతి పెట్టేది. ఒక్కోసారి, పదింటికి ఒక్కసారి, సరిగ్గా కావలసినంత తిరిగేది. ఆ ఒక్కసారి కోసం మళ్ళీ తొమ్మిదిసార్లు తిరిగేదాన్ని. కట్టె ఎగిరి రోడ్డు పక్క గుంతలో పడేది. చక్రాల కింద పటపటమని శబ్దం వచ్చేది. అవ్వ రోడ్డు పక్కన నిలబడి చెయ్యి ఎత్తింది. హుషారు చేస్తోందనుకుని నేనూ కిటికీలో నుంచి చెయ్యి ఎత్తాను. నాలుగో ఆదివారానికి పదింటికి ఏడు సరిగ్గా పడ్డాయి.

పోటీ రోజు నాయన కూడా వచ్చి కమాను కింద రాతి మీద కూర్చున్నాడు. ముందర దారి నడిచి చూసుకోమన్నారు. అందరూ రెండుసార్లు నడిస్తే నేను ఐదుసార్లు నడిచాను. మా వరసలో నలుగురం ఆడవాళ్ళం, తలా రెండు తిరుగులు, అందులో మంచిదే లెక్క. మిగతా ముగ్గురూ బెంగళూరు వాళ్ళు, చేతులకు గ్లౌజులు కూడా ఉన్నాయి. నా హెల్మెట్టు మా వీధి చివరి మెకానిక్కుది, మూడు తలలకు సరిపోతుంది.

మొదటి తిరుగులో జెండా పడగానే దూకాను. మొదటి కోను దగ్గర అలవాటుగా హారను కొట్టాను. రెండో కోను దగ్గరా కొట్టాను. నాయన నేర్పిన చదువు ఊరికే పోతుందా. బయట నవ్వులు హెల్మెట్టులోకి కూడా వినిపించాయి. ఆ కంగారులో రెండు కోన్ల మధ్య దూరాల్సింది పక్కనుంచి పోయాను. విజిల్ వినిపించింది. ఆ తిరుగు లెక్కకు రాలేదు. దిగి టైరును ఒక తన్ను తన్నాను. కాలే నొప్పెట్టింది.

తెల్లమీసాలాయన దగ్గరికి వచ్చాడు. "పక్కన ఉండే కోను చూస్తాండావు. తర్వాత వచ్చేదాన్ని చూడు. చేతులు అవే పోతాయి" అన్నాడు.

రెండో తిరుగులో ఎవరి నవ్వూ వినపడలేదు. కోన్లు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి, పోయాయి. చివరి పెద్ద మలుపు దగ్గర కాలు తీశాను, తిప్పాను, లాగాను, వదిలాను. కంకర మీద కారు వెనక భాగం మెత్తగా జారి, నేను అడిగినంతే తిరిగి నిలిచింది. ఆ ఒక్క క్షణం నాకు వేరే ఎక్కడా ఉండాలనిపించలేదు. ముగింపు గీతల మధ్య ఆపి హెల్మెట్టు తీసేసరికి ఏడుస్తున్నానని తెలిసింది. ఎందుకంటే చెప్పలేను. సంతోషమే అయి ఉండాలి.

నలుగురిలో రెండోదాన్ని. బెంగళూరు అమ్మాయిలు చేతులు కలిపారు. తెల్లమీసాలాయన అడిగాడు. "ఆ మలుపు యాడ నేర్చుకున్నావమ్మా?"

"ఉలవల మీద."

ఆయన కోలారు మనిషి కాబట్టి అర్థమై పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. నాయన మాత్రం నవ్వలేదు. కారు ఎక్కాక అడిగాడు. "ఉలవల మీద స్టీరింగు తిప్పినావా?"

"ఆమెకు నూర్పిడి అయిపాయ, నాకు ప్రాక్టీసు అయిపాయ. ఏమిప్పుడు?"

"ఎవురివి?"

"పాతపాళ్య అవ్వవి."

ఆయన ఎందుకు అడిగాడో ఆలోచించే తీరిక నాకు లేదు. దారంతా తర్వాతి పోటీ ఎప్పుడా అని లెక్కపెట్టుకుంటూ వచ్చాను.

రెండు వారాల తర్వాత అవ్వ మండీకి వచ్చింది. బస్సు మీద నుంచి మూట దింపించుకుని, మోయించుకుని వచ్చింది. నన్ను చూసి నవ్వింది. నాయన మూట విప్పి లోపలికి చెయ్యి పెట్టాడు. చూపు తగ్గాక ఆయనకు గింజ వేళ్ళతోనే తెలిసేది. గుప్పెడు తీసి బొటనవేలితో నలిపి, అరచేయి వెలుతురుకు పట్టాడు. సగానికి సగం బద్దలు. మిగతావాటిలో చాలా గింజలకు పొట్టు లేచిపోయి ఉంది.

"ఏమమ్మా, ఉలవలు తెస్తావనుకుంటే పప్పు తెచ్చినావు. యాడ తొక్కించినావు?"

"మీ పాపే తొక్కించిందప్పా" అంది అవ్వ, నవ్వుతూనే. "నాలుగు వారాలు వచ్చింది. చానా కష్టపడింది."

నాయన నా వైపు తిరగలేదు. "విత్తనానికి ఏమి పెట్టుకున్నావు?" అని ఆమెనే అడిగాడు.

"అదీ ఇట్లే ఉండాదప్పా. ఏరుకోవల్ల."

ఆమె పోయాక నాయన రెండు బద్దలు నా అరచేతిలో పెట్టాడు. "దొర్లే చక్రం కాయను పగలగొట్టుతాది. జారే చక్రం గింజను పగలగొట్టుతాది. బద్ద పప్పుకు పనికొస్తాది, మొలవదు. మండీలో పుట్టినదానికి ఇది నేను చెప్పల్లనా?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ అరిచి ఉండేదాన్ని, తేలిగ్గా పోయేది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆయన మీద, అవ్వ మీద, ఉలవల మీద, అందరి మీదా కోపం వచ్చింది. నా మీద కోపం వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

మరుసటి రోజు చింతామణికి పోయి దుకాణం దుకాణం తిరిగాను. ఎర్ర ఉలవలు కావలసినన్ని ఉన్నాయి. నల్లవి సాయంత్రానికి ఒకచోట దొరికాయి. ఒక మూట కట్టించుకుని, ఇంటికి కూడా పోకుండా పాతపాళ్య పోయాను. అంత దూరం నలభై స్పీడు దాటలేదు.

అవ్వ వాకిట్లో కూర్చుని చేట ముందర పెట్టుకుంది. ఒక్కొక్క గింజ తీసి చూస్తోంది. బద్దలు ఒక పక్క కుప్పగా ఉన్నాయి. నిండు గింజలు ఇంకో పక్క, ఒక చెంబుకు కూడా రావు. నన్ను చూసి లేవబోయింది. వద్దని నేనే ఎదురుగా నేల మీద కూర్చుని మూట ముందర పెట్టాను.

ఆమె గుప్పెడు తీసి చూసింది, ఒక గింజ కొరికింది. "గింజ బాగుండాది. మాది కాదు" అంది. గుప్పెడు తిరిగి మూటలో వేసి, "ఉండనీ, పెట్టిపో అమ్మా" అంది.

"అవ్వా, నీ విత్తనం పగలగొట్టింది నేనే. నేను మలుపులో జారించడం వల్లనే బద్దలయ్యాయి" అన్నాను. దారంతా ఆ మాట తయారు చేసుకుంటూ వచ్చాను.

"తెలుసమ్మా" అంది ఆమె. "పటపటా పగిలేది నాకు వినపడలేదా?"

"వినపడితే వద్దని చెప్పకూడదా?"

"మండీ అప్ప కూతురివి. ఏటేటా ఆ కాటా మీదనే కదా మా మూట పెట్టేది. వద్దని ఎట్ల చెప్పేది?" ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. వాన రాలేదు అని చెప్పినట్టు చెప్పింది. తర్వాత తల ఎత్తి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "చెప్పింటే నిలిపిందువా అమ్మా?"

నిలిపేదాన్ననే చెప్పబోయాను. మాట నాలుక దాకా వచ్చింది. కానీ ఆ నాలుగు వారాలూ నా కళ్ళకు ఆ మలుపు తప్ప ఇంకేమీ కనపడలేదని నాకు తెలుసు. ఆమె రోడ్డుకు అడ్డంగా నిలబడి అరిచినా, సరే అవ్వా అని తల ఊపి, ఇంకొక్కసారి అని తిప్పేదాన్నే.

"లేదవ్వా" అన్నాను.

ఆమె చేట దగ్గరికి జరుపుకుని మళ్ళీ గింజలు ఏరుకోవడం మొదలుపెట్టింది.